దూరం సగమైతే ఎన్ని రెట్లు? ఆటమ్ నిలబడే లెక్క

కడప జిల్లాలో ఏ పాతింట్లోకి వెళ్లినా కింద నాపబండలే ఉంటాయి, మే నెల మధ్యాహ్నం చాప కూడా లేకుండా ఆ బండ మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏసీ రూములో రాదు. గట్టితనం అంటే ఆ బండనే చూపిస్తాం గానీ లోపలికి వెళ్లి చూస్తే సంగతి వేరే. బండలో ఉండే ఆటమ్ల దాకా ఎందుకు, అన్నిటికంటే సింపుల్ అయిన హైడ్రోజన్‌నే తీసుకోండి. దాని న్యూక్లియస్‌ని ఒక శెనక్కాయ విత్తనమంత చేసి కర్నూలు కొండారెడ్డి బురుజు దగ్గర పెట్టామనుకుంటే, దాని ఎలక్ట్రాన్ మేఘం బురుజు చుట్టూ ఓ 300 మీటర్ల దాకా పరుచుకుని ఉంటుంది, బరువంతా విత్తనంలోనే, మిగిలినదంతా ఆ పలచని మేఘమే. విత్తనం ప్లస్సు, మేఘం మైనస్సు, రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉన్నాయి, మరి మేఘం గమ్మున వచ్చి విత్తనం మీద పడిపోకుండా అంత దూరంలో ఎట్లా ఆగింది?

ఇంటర్ ఫిజిక్స్ చదివినోళ్లలో చానామంది దీనికి ఒక రెడీమేడ్ జవాబు చెప్తారు. ప్లస్సు, మైనస్సు చార్జుల మధ్య లాగుడు దూరం వర్గానికి విలోమంగా ఉంటుంది, అంటే దూరం రెండింతలైతే బలం నాలుగో వంతు, ఈ పవర్ (ఘాతం) 2 అనేది కచ్చితంగా 2 కాబట్టే ఆటమ్లు నిలబడ్డాయి, అదే 2.01 అయ్యుంటే ప్రపంచమే ఉండేది కాదు అని. వినడానికి బాగుంటుంది, దేవుడి లెక్క ఎంత కరెక్టో చూడండి అని ప్రవచనాల్లో చెప్పుకోడానికి కూడా పనికొస్తుంది. కానీ తప్పు. పవర్ 2.01 అయినా, 2.5 అయినా, ఆఖరికి 1 అయినా ఆటమ్ నిలబడుతుంది. వేరే సైజులో, వేరే రంగుల్లో నిలబడుతుంది గానీ నిలబడుతుంది. అసలు ప్రమాదం గీత 2 దగ్గర లేదు, 3 దగ్గర ఉంది. అది అక్కడే ఎందుకుందో తెలుసుకోడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు, ఒక పాత పెన్ను చాలు.

రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టంలోంచి అర మీటరు గాలిపటం దారం దూర్చాలి. పై కొసకి పెన్సిల్ తుడిచే రబ్బరు కట్టాలి, కింది కొసకి ఒక చిన్న తాళంకప్ప. గొట్టం నిలువుగా పట్టుకుని రబ్బరుని తల పైన గిరగిరా తిప్పితే ఒక స్పీడు దగ్గర తాళంకప్ప పైకీ పోక కిందికీ రాక గాల్లో వేలాడుతూ ఆగుతుంది. అంటే రబ్బరుని లోపలికి లాగుతున్నది తాళంకప్ప బరువు, ఆ బరువు దూరాన్ని బట్టి మారదు కదా, సో ఇది దూరంతో సంబంధమే లేని బలం, పవర్ సున్నా అన్నమాట. ఇప్పుడు రెండో చేత్తో తాళంకప్పని పట్టుకుని కిందికి కాస్త లాగండి. చుట్టు చిన్నదవుతుంది, రబ్బరు బిరబిరా తిరగడం మొదలుపెడుతుంది, చేతిలో దారం బిగుసుకోవడం తెలుస్తుంది. వదిలేస్తే తాళంకప్ప ఎగిరి పైకి పోతుంది, కొంచెం ఎక్కువే పోతుంది, మళ్లీ కిందికొస్తుంది, రెండు మూడు సార్లు ఊగి దాదాపు మొదటి చోటికే వచ్చి ఆగుతుంది. (ఇంట్లో చేస్తే ట్యూబ్‌లైటు కింద మాత్రం చేయొద్దు.) స్టేబుల్ అంటే ఇదే, కొంచెం కదిలిస్తే తన చోటికి తనే తిరిగొచ్చేది.

ఎందుకు తిరిగొచ్చింది అనే దానికి ఒక్క సంఖ్య చాలు, 8. తిరిగే వస్తువుని మధ్యలోకి లాగి చుట్టు సగం చేస్తే దాని స్పీడు రెండింతలవుతుంది, కోణీయ ద్రవ్యవేగం (తిరిగే ఊపు) మారకూడదనే రూల్ వల్ల. స్పీడు రెండింతలై, చుట్టు సగమైతే ఆ చిన్న చుట్టులో దాన్ని పట్టి ఉంచడానికి కావలసిన లాగుడు 8 రెట్లు. తాళంకప్ప ఇచ్చేది ఎప్పుడూ ఒకటే రెట్టు. కావలసింది 8, దొరికింది 1, చాలకపోయేసరికి రబ్బరు బయటికి జారింది. అదే పెద్ద చుట్టులోకి పోతే అక్కడ కావలసింది తక్కువ, దొరికేది ఎక్కువ, లోపలికి వస్తుంది. ఇప్పుడు తాళంకప్ప బదులు మంత్రం వేసిన బరువు ఒకటి కట్టామనుకుందాం, చుట్టు చిన్నదయ్యే కొద్దీ దాని బరువు పెరుగుతుంది. పవర్ 2 అయితే దూరం సగానికి 4 రెట్లు ఇస్తుంది. కావలసింది 8, ఇంకా చాలదు, బయటికి జారుతుంది, మంచిదే. పవర్ 3 అయితే సరిగ్గా 8 ఇస్తుంది, కావలసిందీ 8, అంటే ఎక్కడ పెడితే అక్కడే, వెనక్కి పిలిచేదేదీ లేదు, చిటికెన వేలితో తోస్తే అట్లే జారిపోతూ ఉంటుంది. పవర్ 4 అయితే 16 ఇస్తుంది, ఇక అంతే, లోపలికి ఒక వెంట్రుకవాసి జరిగినా సూటిగా నడిమధ్యకి పడిపోతుంది, బయటికి జరిగితే మళ్లీ రాదు.

1917లో పాల్ ఎరెన్‌ఫెస్ట్ అనే ఫిజిక్స్ సైంటిస్టు ఈ లెక్కతోనే ఒక పెద్ద ప్రశ్న పట్టుకున్నాడు, మన స్పేస్‌కి మూడే దిక్కులు (పొడవు, వెడల్పు, ఎత్తు అనే డైమెన్షన్లు) ఎందుకు అని. బలం అనేది మధ్యలోంచి బయటికి పరుచుకుంటూ పలచబడేది అనుకుంటే, నేల మీద పారే నీళ్లలాగా రెండు దిక్కుల్లోనే పరుచుకునేది దూరంతో పాటు పలచబడుతుంది, అది పవర్ 1. బల్బు వెలుతురులాగా మూడు దిక్కుల్లో పరుచుకుంటే పవర్ 2. నాలుగు దిక్కుల స్పేస్ ఉంటే పవర్ 3, ఐదుంటే 4. అంటే నాలుగో దిక్కు వచ్చేసరికే గీత మీదకి చేరిపోతాం, సూర్యుడి చుట్టూ భూమి నిలవదు. కథల్లో నాలుగో డైమెన్షన్‌లోకి వెళ్లొచ్చే హీరోలకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. పైన చెప్పిందంతా గ్రహాలకి సరిపోతుంది, ఆటమ్‌కి సరిపోదు. రూథర్‌ఫోర్డ్ 1911లో న్యూక్లియస్ సంగతి తేల్చాక అందరికీ వచ్చిన తలనొప్పి ఏందంటే, చార్జి ఉన్న వస్తువు వంపు తిరిగితే వెలుతురు కక్కుతుంది, కక్కే కొద్దీ శక్తి కోల్పోతుంది. ఆ లెక్కన హైడ్రోజన్‌లో ఎలక్ట్రాన్ ఎంతసేపు ఉంటుంది అని చూస్తే సెకనుని 6 వేల కోట్ల ముక్కలు చేసి అందులో ఒక్క ముక్క, అంతే, న్యూక్లియస్‌లో పడిపోతుంది. పవర్ మార్చినా ఈ రోగం పోదు, ఏ పవరైనా ఎలక్ట్రాన్ తిరుగుతుంది, తిరిగితే వెలుతురు కక్కుతుంది. కాబట్టి విలోమ వర్గం వల్లే ఆటమ్ నిలబడింది అనే మాట ఇక్కడే సగం చచ్చిపోయింది. నిలబెట్టింది క్వాంటమ్ మెకానిక్స్.

క్వాంటమ్ వైపు నుంచి చూస్తే ఎలక్ట్రాన్‌కి ఒక మొండితనం ఉంది, ఇరుకు చోటు అంటే దానికి పడదు. ఎంత చిన్న చోట్లో కుక్కితే అంత ఎక్కువగా గింజుకుంటుంది, ఆ గింజుకునే శక్తి చోటు సగం చేస్తే 4 రెట్లవుతుంది. ఇది బలం ఏ రకం అనే దాంతో సంబంధం లేకుండా ఎప్పుడూ 4 రెట్లే. దీన్ని ఖర్చు అనుకోండి. దగ్గరికి రావడం వల్ల ఆకర్షణ నుంచి మిగిలే శక్తి రాబడి. మిగతా కథంతా ఈ ఖర్చుకీ రాబడికీ మధ్య పోటీ.

హైడ్రోజన్ ఖాతా పుస్తకం తెరిస్తే, ఎలక్ట్రాన్ మేఘం సైజు 0.53 ఆంగ్‌స్ట్రామ్ (మీటరులో వెయ్యి కోట్లవ వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్) ఉన్నప్పుడు ఖర్చు 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు (ఆటమ్ శక్తిని కొలిచే యూనిట్), రాబడి 27.2, నికర లాభం 13.6. ఇంకొంచెం లాభం వస్తుందేమో అని సైజు సగం చేస్తే ఖర్చు నాలుగింతలై 54.4, విలోమ వర్గ బలానికి రాబడి రెండింతలే పెరుగుతుంది, అదీ 54.4, లాభం సున్నా. పోనీ హాయిగా ఉందామని సైజు రెండింతలు చేస్తే ఖర్చు 3.4కి తగ్గుతుంది, రాబడి 13.6కి పడుతుంది, లాభం 10.2. అటు జరిగినా నష్టం ఇటు జరిగినా నష్టం, అందుకని మధ్యలోనే కూర్చుంది. ఆటమ్‌కి ఒక సైజు అంటూ ఉండటానికి కారణం ఇదే, ఎక్కడో ఒక చోట లాభం ఎక్కువ ఉంటుంది, దానికి అటూ ఇటూ తగ్గుతుంది. ప్రపంచంలో ఏ హైడ్రోజన్ ఆటమైనా సరే, తుంగభద్ర నీళ్లలోదైనా నక్షత్రంలోదైనా, ఒకటే సైజు ఎందుకుంటుందో కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఇదే పుస్తకంలో బలం పవర్ 3కి మార్చి చూడండి. అప్పుడు రాబడి కూడా దూరం సగానికి 4 రెట్లు పెరుగుతుంది, ఖర్చులాగే. మొదట్లో 13.6 ఖర్చు, 27.2 రాబడి అనే పెట్టుకుంటే సగం సైజులో 54.4, 108.8, లాభం 54.4. ఇంకా సగం చేస్తే లాభం 217.6. ఎంత ముడుచుకుంటే అంత లాభం, ఇక ఆగడానికి కారణమే లేదు. అట్లా కాకుండా మొదట్లోనే రాబడి 10, ఖర్చు 13.6 అనుకుంటే ఎక్కడికి జరిగినా నష్టమే, ఎలక్ట్రాన్ అసలు దగ్గరికే రాదు. అంటే పవర్ 3లో రెండే గతులు, పట్టుకోకపోవడం లేదా పట్టుకుని పాతాళానికి పోవడం, ఏ గతి అనేది బలం ఒక గీత దాటిందా లేదా అన్నదాన్ని బట్టి. మధ్యలో ఒక సైజు దగ్గర స్థిరపడటం అనేది లేదు, ఎందుకంటే లెక్కలో ఏ సైజుకీ ప్రత్యేకత లేదు. పవర్ 4 అయితే చెప్పక్కర్లేదు, ఖర్చు 4 రెట్లు పెరిగేలోపు రాబడి 8 రెట్లు పెరుగుతుంది.

పవర్ 3 కాగితం మీద మాత్రమే ఉండేదేం కాదు. కరెంటు చార్జి ఉన్న సన్నని తీగ పక్కన మామూలు ఆటమ్‌ని వదిలితే దాని మీద పడే లాగుడు సరిగ్గా పవర్ 3దే. 1998లో చల్లబరిచిన లిథియం ఆటమ్లతో ఆ ప్రయోగం చేసి చూశారు, తీగ చుట్టూ తిరిగే ఊపు చాలని ఆటమ్లన్నీ పోయి తీగలో పడ్డాయి, ఊపు ఉన్నవి తప్పించుకుని పోయాయి, చుట్టూ స్థిరంగా తిరుగుతూ ఉండిపోయినవి లేవు. బ్లాక్ హోల్ దగ్గర కూడా ఇట్లాంటిదే, ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం బాగా దగ్గరికి పోయాక గ్రావిటీ మామూలు విలోమ వర్గం కంటే నిటారుగా పెరుగుతుంది, అందుకని తిరగని బ్లాక్ హోల్ అయితే దాని అంచు వ్యాసార్ధానికి మూడింతల దూరం లోపల ఏ గుండ్రని కక్ష్యా నిలవదు.

ఇప్పుడు 2.01 వాదన ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం, ఎందుకంటే అది పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. 1873లో బెర్‌ట్రాండ్ అనే ఫ్రెంచి లెక్కల మాస్టారు ఒకటి నిరూపించాడు, కట్టుబడి తిరిగే ప్రతి వస్తువూ ఒక చుట్టు తిరిగాక కచ్చితంగా మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలంటే బలం రెండే రకాలుగా ఉండాలి, ఒకటి విలోమ వర్గం, రెండోది స్ప్రింగు లాగా దూరంతో పాటు పెరిగేది. మిగతా వాటిల్లో దారి కలవదు, మల్లెపూల దండలాగా మెలికలు మెలికలుగా చుట్టూ తిరుగుతుంది. ఇది చదివినోళ్లు కక్ష్య కలవకపోతే కూలిపోయినట్టే అనుకున్నారు. ఆ రెండూ వేర్వేరు సంగతులు. బుధ గ్రహం దారి కలవదు, మిగతా గ్రహాల లాగుడు లెక్కలోంచి తీసేసినా వందేళ్లకి 43 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను) జరుగుతూనే ఉంటుంది, అయినా అది సూర్యుడిలో పడిపోలేదు, కోట్ల ఏళ్లుగా తిరుగుతూనే ఉంది.

ఆటమ్లలో అయితే ఈ తేడాని కళ్లతో చూడొచ్చు, వంటింట్లోనే. గ్యాస్ స్టవ్ మీద ఉప్పేసిన పప్పు పొంగి మంట మీద పడితే నీలం మంట ఒక్కసారిగా పచ్చగా అవుతుంది కదా, ఆ పసుపు సోడియంది. ఎల్ఈడీలు రాకముందు కర్నూలు రోడ్ల మీద రాత్రిపూట అన్నిటికీ పసుపు పూసినట్టు ఉండేది, అవీ సోడియం లైట్లే, అదే 589 నానోమీటర్ల వెలుతురు. సోడియం ఆటమ్‌లో బయటుండే ఒక్క ఎలక్ట్రాన్‌కి 11 ప్రోటాన్ల లాగుడూ సూటిగా తగలదు, లోపలుండే 10 ఎలక్ట్రాన్లు అడ్డం ఉన్నాయి. దూరంగా ఉన్నంతసేపు దానికి ఒక ప్రోటాన్ లాగుడే తెలుస్తుంది, లోపలికి తొంగిచూసినప్పుడు మాత్రం ఎక్కువ తగులుతుంది. అంటే ఆ ఎలక్ట్రాన్ అనుభవించే బలం విలోమ వర్గం కాదు, అంతకంటే నిటారైనది. స్వచ్ఛమైన విలోమ వర్గం అయ్యుంటే మూడో మెట్టు (ఎలక్ట్రాన్‌కి దొరికే శక్తి స్థాయిల్లో మూడోది) మీద ఎస్ గది, పీ గది (ఆ స్థాయిలో మేఘం పట్టే వేర్వేరు ఆకారాలు) ఒకే ఎత్తులో ఉండాలి, హైడ్రోజన్‌లో దాదాపు అట్లే ఉంటాయి. సోడియంలో లోపలికి తొంగిచూసే ఎస్ ఎలక్ట్రాన్‌కి లాభం ఎక్కువ కాబట్టి ఆ గది 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు కిందికి దిగిపోయింది. పైనున్న పీ గదిలోంచి ఎస్ గదిలోకి ఎలక్ట్రాన్ దూకితే వచ్చేదే ఆ పసుపు. రూల్ 2.01 అయితే కూలిపోతుందట, సోడియం అంతకంటే చానా ఎక్కువ తప్పిన రూల్‌లో బతుకుతూ మన ఉప్పు డబ్బాలో హాయిగా కూర్చుంది.

నిజానికి మారేది ఇదే, ఉంటుందా పోతుందా అన్నది కాదు, మెట్ల ఎత్తులు. ఎస్, పీ, డీ గదులు ఏ వరసలో నిండాలో ఆ ఎత్తులే చెప్తాయి, పీరియాడిక్ టేబుల్ ఆకారం అక్కడి నుంచే వచ్చింది. పవర్ 2.5 అయిన లోకంలో ఆటమ్లుంటాయి గానీ పొటాషియం ఉండే గడిలో ఏముంటుందో, ఉప్పు ఉప్పగా ఉంటుందో లేదో చెప్పడం కష్టం.

ఇంకో కొసకి పోతే, బలం దూరంతో మరీ నెమ్మదిగా తగ్గినా, అసలు తగ్గకపోయినా ఏమవుతుంది? నిలబడటం వరకూ అయితే ఢోకా లేదు, పెన్ను గొట్టంలో తాళంకప్ప అదే చూపించింది. సమస్య వేరే, మరీ ఎక్కువ నిలబడుతుంది. పవర్ 1 గానీ సున్నా గానీ అయితే ఎలక్ట్రాన్‌ని ఆటమ్ నుంచి పూర్తిగా విడదీయడానికి కావలసిన శక్తికి హద్దే లేదు. హైడ్రోజన్‌కి 13.6 కట్టేస్తే చాలు ఎలక్ట్రాన్ ఫ్రీ, ఇక్కడ ఎంత కట్టినా ఇంకా అప్పు మిగిలే ఉంటుంది, వడ్డీ వ్యాపారి దగ్గర చిక్కుకున్నట్టు. ఉప్పు నీళ్లలో కరగడం అంటే సోడియం ఒకచోటికి, క్లోరిన్ ఒకచోటికి పోవడమే, అది కుదరదు. మెరుపు ఉండదు. ఇది కూడా ఊహ కాదు, ప్రోటాన్ లోపల ఉండే క్వార్కులు అనే కణాలు సరిగ్గా ఇట్లాంటి లోకంలోనే ఉన్నాయి. కాస్త దూరం జరిగాక వాటి మధ్య లాగుడు తగ్గదు, సుమారు 16 టన్నుల బరువు వేలాడదీసినంత, అట్లే ఉండిపోతుంది. ఒక లారీ నాపబండల లోడు అంత బరువు, ప్రోటానంత చోట్లో. అందుకే ఒంటరి క్వార్కుని ఇంతవరకూ ఎవరూ పట్టుకోలేదు, విడదీయాలని లాగితే పెట్టిన శక్తితో కొత్త క్వార్కుల జంట పుట్టుకొచ్చి మళ్లీ అతుక్కుంటాయి. 1974 నవంబరులో దొరికిన జే/సై అనే కణం చార్మ్ అనే రకం క్వార్కు ఒకటి, దాని ఎదురు క్వార్కు కలిసి కట్టుకున్న ఆటమ్ లాంటిదే, దాని మెట్ల ఎత్తులు కొలిచి చూస్తే దగ్గర్లో విలోమ వర్గం, దూరంలో తాళంకప్ప బలం, రెండూ కలిపితేనే సరిపోయాయి.

మూడో రకం ఒకటుంది, కొంత దూరం దాకా బాగా లాగి ఆ తర్వాత ఒక్కసారిగా చచ్చిపోయే బలం. 1935లో యుకావా అనే జపాన్ సైంటిస్టు న్యూక్లియస్ లోపల ప్రోటాన్లనీ న్యూట్రాన్లనీ పట్టి ఉంచే బలం ఇట్లాంటిది అని చెప్పాడు. వెలుతురు కణానికి బరువుండి ఉంటే కరెంటు బలం కూడా ఇట్లే అయ్యేది. అప్పుడు హైడ్రోజన్ బతకాలంటే ఆ బలం రీచ్ కనీసం 0.84 బోర్ వ్యాసార్ధాలు (పైన చెప్పిన 0.53 ఆంగ్‌స్ట్రామ్ సైజే బోర్ వ్యాసార్ధం) ఉండాలి, సుమారు 0.45 ఆంగ్‌స్ట్రామ్, అంతకంటే తగ్గితే ఎలక్ట్రాన్‌ని పట్టుకోలేదు. ఇక్కడ కూలిపోవడం కాదు, జారిపోవడం. న్యూక్లియస్‌లో ఈ ప్రమాదం నిజంగా ఎంత దగ్గర్లో ఉందో డ్యూటెరాన్‌ని చూస్తే తెలుస్తుంది, ఒక ప్రోటాన్ ఒక న్యూట్రాన్ 2.2 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులతో కట్టుకుని ఉంటాయి, న్యూక్లియస్ లెక్కల్లో అది చిల్లర, దానికి పైన రెండో మెట్టే లేదు, ఒక్కటే మెట్టు. రెండు న్యూట్రాన్లయితే అసలు కట్టుకోనే కట్టుకోవు. హైడ్రోజన్‌కి మెట్లు లెక్కలేనన్ని, ఎందుకంటే విలోమ వర్గానికి చెయ్యి చానా పొడుగు.

ఇంతవరకూ పవర్ 3 గీత మనకి దూరంగా ఉందని ధీమాగా ఉన్నాం. కానీ బరువైన ఆటమ్లలో ఆ గీతే నడుచుకుంటూ మన దగ్గరికి వస్తుంది. ఖర్చు ఎప్పుడూ 4 రెట్లే అన్నాం కదా, ఎలక్ట్రాన్ స్పీడు వెలుతురు స్పీడుకి దగ్గరపడితే ఆ మాట చెల్లదు, చోటు సగం చేస్తే ఖర్చు 2 రెట్లే పెరుగుతుంది. విలోమ వర్గంలో రాబడి పెరిగేదీ 2 రెట్లే. రెండూ సమానం, అంటే పవర్ 3లో చూసిన గతే, గీత దాటితే పాతాళం. లోపలి ఎలక్ట్రాన్ స్పీడు ప్రోటాన్ల సంఖ్యని 137తో భాగిస్తే వచ్చేంత, వెలుతురు స్పీడులో వంతుగా. వాన పడితే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వంగి వజ్రాలు వెతుకుతుంటారు, ఆ వజ్రం కార్బన్, ప్రోటాన్లు 6, దానికి ఈ బాధ తెలీదు. అదే జొన్నగిరి నేలలో ఉన్న బంగారానికి 79, లోపలి ఎలక్ట్రాన్ వెలుతురు స్పీడులో 58 శాతంతో ఉంటుంది. దాని వల్ల ఎస్ గదులు ముడుచుకుని, నీలం వెలుతురుని తాగేసే ఎత్తులోకి మెట్లు జరిగి, బంగారం పచ్చగా కనబడుతుంది. ఆ ఎఫెక్ట్ లేకపోతే బంగారం వెండిలాగే తెల్లగా ఉండేది, నగల షాపుల్లో రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వి తీసే యురేనియానికి 92, అంటే 67 శాతం. 137 దగ్గర, ఇంత స్పీడు ఎలక్ట్రాన్ల కోసం డిరాక్ 1928లో రాసిన సమీకరణం ఒక చుక్కలాంటి న్యూక్లియస్‌కి ఇచ్చే జవాబు అర్థం లేకుండా పోతుంది. నిజం న్యూక్లియస్‌కి కాస్త సైజు ఉంది కాబట్టి గీత 170 దాటాక గానీ రాదు. మనిషి ఇప్పటిదాకా చేసిన అన్నిటికంటే బరువైనది ఓగనెసాన్, 118. అంతదాకా రావడానికే న్యూక్లియస్ విరిగిపోతుంది కాబట్టి ఎలక్ట్రాన్ వైపు గీత ఇంకా ఎవరూ తాకలేదు.

ఇదే టై మ్యాచ్ ఆకాశంలో అయితే నిజంగానే తేలిపోతుంది. చల్లారిపోయిన నక్షత్రాన్ని (తెల్ల మరుగుజ్జు అంటారు) గ్రావిటీ నొక్కుతుంటే లోపల ఎలక్ట్రాన్లు గింజుకుంటూ ఆపుతాయి. నక్షత్రం బరువు పెరిగే కొద్దీ ఎలక్ట్రాన్లు వెలుతురు స్పీడుకి దగ్గరవుతాయి, ఖర్చు 2 రెట్లు, గ్రావిటీ రాబడీ 2 రెట్లు, ఇక బలం ఎంత అన్నదే తేల్చాలి, ఇక్కడ బలం అంటే నక్షత్రం బరువు. 1930లో పందొమ్మిదేళ్ల చంద్రశేఖర్ ఇంగ్లండ్ పోయే ఓడలో ఈ లెక్క మొదలుపెట్టాడు, తేలిన గీత సూర్యుడి బరువుకి సుమారు 1.4 రెట్లు. అది దాటిన తెల్ల మరుగుజ్జు నిలవదు.

మళ్లీ నాపబండ దగ్గరికొస్తే, ఒక్క ఆటమ్ నిలబడితే బండ నిలబడినట్టు కాదు, ఇది చానామంది వదిలేసే సంగతి. కోట్ల కోట్ల ఎలక్ట్రాన్లూ న్యూక్లియస్‌లూ కలిసినప్పుడు ఒక్కో ఆటమ్ వాటా ఎంత అన్నది ఎప్పటికీ ఒకటేలా ఉండాలి. రెండు ఎలక్ట్రాన్లు ఒకే గదిలో ఒకే తీరుగా ఉండకూడదు అనే పౌలీ రూల్, 1925ది, అది ఉంటేనే ఈ వాటా నిలుస్తుంది అని 1967లో డైసన్, లెనార్డ్ నిరూపించారు, చానా పొడుగైన నిరూపణ, 1975లో లీబ్, తిర్రింగ్ దాన్ని చిన్నది చేశారు. ఆ రూల్ ఎలక్ట్రాన్లకీ న్యూక్లియస్‌లకీ లేదనుకుంటే సరుకు రెండింతలు చేసినప్పుడు కట్టుబడే శక్తి 2 రెట్లు కాకుండా సుమారు 2.6 రెట్లవుతుంది. మేస్త్రీ ఒక బండ పక్కన ఇంకో బండ ఆనించగానే ఆ మిగులు అంతా ఒక్కసారి బయటికి రావాలి, ఇల్లు కాదు ఊరే లేచిపోతుంది. ఇందులో బలం పవర్ 2నే, ఒక్కో ఆటమ్ బాగానే నిలబడింది, అయినా బండ నిలబడలేదు.

సరే, మరి మన లోకంలో ఆ పవర్ నిజంగా ఎంత? కూలుమ్ 1785లో తీగ మెలితిప్పి కొలిచాడు, అది నాటు కొలత. అంతకు ముందే కావెండిష్ ఇంకా తెలివైన దారి పట్టాడు, ఒక లోహపు గోళం లోపల ఇంకో గోళం పెట్టి, బయటి దానికి చార్జి ఇచ్చి, లోపలి దానికి ఏమైనా చేరిందా అని చూడటం. పవర్ కచ్చితంగా 2 అయితే లోపలికి ఒక్క చుక్క కూడా చేరకూడదు. ఆయన అచ్చు వేయించుకోలేదు, 1879లో మాక్స్‌వెల్ ఆ కాగితాలు బయటికి తెచ్చాడు. 1971లో విలియమ్స్, ఫాలర్, హిల్ అదే గిన్నెలో గిన్నె ఐడియాతో కొలిస్తే 2కి తేడా ఏమైనా ఉంటే అది పాయింట్ తర్వాత పదిహేను సున్నాలు దాటాకే. అయితే అది ల్యాబులో టేబుల్ మీద దూరాలకి. ఆటమ్ లోపల, న్యూక్లియస్‌కి బాగా దగ్గర్లో, లాగుడు విలోమ వర్గం చెప్పే దానికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే ఖాళీ అనుకునే చోటు కూడా చార్జి చుట్టూ కొంచెం తెరలాగా పనిచేస్తుంది, దగ్గరికి పోయే కొద్దీ ఆ తెర తొలగుతుంది. ఉహ్లింగ్ 1935లో ఇది లెక్కగట్టాడు. 1947లో లాంబ్, రెథర్‌ఫోర్డ్ హైడ్రోజన్ రెండో మెట్టులో ఎస్ గదికీ పీ గదికీ మధ్య 1,000 మెగాహెర్ట్జ్ దగ్గర్లో తేడా కొలిచారు, తర్వాతి కచ్చితమైన కొలతల్లో అది 1,058, అందులో ఎక్కువ భాగం వేరే కారణాలది, ఉహ్లింగ్ వాటా 27 మెగాహెర్ట్జ్, అదీ ఎదురు దిక్కులో. పవర్ 2 నుంచి హైడ్రోజన్ తప్పిన తప్పు అంత.